ఇర్వింగ్ పెరట్లో టర్కీ, పెకాన్ పొగ

నవంబర్ వచ్చిందంటే ఇక్కడ అమెరికాలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. ఈ టర్కీ కోడి ఏం బాగుంటుందండీ, చప్పగా, పీచు పీచుగా ఉంటుంది, దాని బదులు రెండు కోళ్లు తెచ్చుకుని బిర్యానీ చేసుకుంటే హాయి కదా అని. ఆ మాట అనేవాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లు తిన్నది అలాంటి టర్కీయే అయి ఉంటుంది, ఆఫీసు పాట్‌లక్‌లో పొద్దున్నే కోసిపెట్టి మధ్యాహ్నానికి ఆరిపోయిన ముక్కలు. నా అదృష్టం ఏమిటంటే నేను తిన్న మొదటి టర్కీ మా పక్కింటి పెద్దాయన పెరట్లో, బొగ్గుల మీద, పెకాన్ కట్టె పొగలో వండింది. అందుకే నవంబర్ నాలుగో గురువారం వచ్చే ఆ థ్యాంక్స్‌గివింగ్ పండగ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ నల్లటి గుండ్రటి కెటిల్ పొయ్యి, దాని చుట్టూ మేం నిలబడి గడిపిన గంటలు. తిండి ఆ తర్వాతే.

మేం అప్పట్లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండేవాళ్లం. 2000 దాటిన కొత్తల్లో సంగతి. డాలస్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఆడే టెక్సస్ స్టేడియం అప్పటికింకా ఇర్వింగ్‌లోనే ఉంది, పైకప్పు మధ్యలో పెద్ద ఖాళీతో ఉండేది కదా, ఆ పాత స్టేడియం, 2010లో కూల్చేశారు. థ్యాంక్స్‌గివింగ్ రోజున కౌబాయ్స్ మ్యాచ్ ఉండటం 1966 నుంచీ ఆనవాయితీ, డెబ్భైల్లో రెండేళ్లు తప్పిందంతే. మా వీధిలో పండగ పనులన్నీ ఆ మ్యాచ్‌ను బట్టే నడిచేవి. మధ్యాహ్నం మ్యాచ్ మొదలయ్యేలోపు టర్కీ పొయ్యి దిగాలి, కోయాలి, అందరి చేతుల్లో ప్లేట్లు ఉండాలి. దీన్నిబట్టి వెనక్కి లెక్కేసుకుంటే పొద్దున్నే బొగ్గులు అంటించాలి.

మా కంచె అవతల ఉండే భార్యాభర్తలు ఇద్దరూ రిటైరైనవాళ్లు. ఆయన్ని ఇక్కడ పెద్దాయన అనే రాస్తాను, మా ఇంట్లో అందరం అలాగే అనుకునేవాళ్లం. ఎదురుగా మాత్రం సర్ అనేవాణ్ణి, ఆయన కూడా నన్ను సర్ అనే పిలిచేవారు, టెక్సస్‌లో అదేమీ వింత కాదు, చిన్నా పెద్దా తేడా లేకుండా సర్, మేడమ్ అంటారు. ఆయన తాతముత్తాతలు జర్మనీ నుంచి వచ్చి సెంట్రల్ టెక్సస్‌లో స్థిరపడ్డవాళ్లు. ఆ ప్రాంతంలో మాంసం కొట్లు పెట్టిన జర్మన్లు, చెక్‌లు మిగిలిన మాంసం పాడవకుండా పొగబెట్టి అమ్మేవాళ్లు, లాక్‌హార్ట్ లాంటి ఊళ్ల పేరు ఇవాళ అంతా తలుస్తున్నారంటే ఆ కొట్ల పుణ్యమే. పెద్దాయనకు నిప్పు, పొగ చిన్నప్పటి నుంచీ ఇంట్లో సంగతులు.

పిల్లలు చిన్నవాళ్లు, మాకు ఇక్కడ చుట్టాలు లేరు. ఆ గురువారం ఊరంతా మూతపడి, వీధులు నిశ్శబ్దంగా ఉంటే, పండగ మనది కాకపోయినా ఇంట్లో ఊరికే కూర్చోవడం ఏదోలా ఉండేది. అది గమనించారో ఏమో, పెద్దాయన కంచె మీదుగా పిలిచారు, పొద్దున్నే రా, ఒక్కణ్ణే నిలబడాలంటే విసుగు అని. తినడానికి రమ్మనడం ఒక రకం, వండేటప్పుడు రమ్మనడం ఇంకో రకం. రెండోదానిలో ఉన్న చనువు నాకు వెంటనే అర్థమైంది.

ఆయన దగ్గర రెండు పొయ్యిలు ఉండేవి. ఒకటి ఆయిల్ ఫీల్డుల్లో వాడేసిన మందపాటి ఇనప గొట్టాన్ని కోసి, వెల్డింగ్ చేసి తయారుచేసిన పెద్ద స్మోకర్, పక్కన నిప్పు గూడు, మధ్యలో మాంసం, ఇంకో చివర పొగగొట్టం. అది బ్రిస్కెట్, అంటే గొడ్డు రొమ్ము మాంసం కోసం. టర్కీకి దాన్ని ముట్టుకునేవారు కాదు. 225 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గంటలు గంటలు పెడితే బ్రిస్కెట్‌లో కొవ్వు కరుగుతుంది, గట్టి కండరం మెత్తబడుతుంది, టర్కీలో అంత కొవ్వూ లేదు, అంత గట్టిదనమూ లేదు, పైగా ఆ వేడికి చర్మం రబ్బరులా సాగుతుంది. దానికి 325 దాకా కావాలి. అందుకని టర్కీకి ఎప్పుడూ రెండో పొయ్యే, మూత ఉన్న వెబర్ కెటిల్. దాని కథ కూడా ఆయనే చెప్పారు. 1952లో షికాగో వైపు జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తను పనిచేసే ఇనప సామాన్ల ఫ్యాక్టరీలో నీళ్ల మీద తేలే బోయాల కోసం చేసే అర్ధగోళాలు చూసి, ఒకటి కింద, ఒకటి మూతగా పెట్టి ఈ పొయ్యి చేశాడట. పైనా కిందా గాలి కంతలు పెట్టడమే అసలు కిటుకు, మూత వేసి ఆ కంతలతో నిప్పును అదుపు చేయొచ్చు.

వంట గురువారం మొదలయ్యేది కాదు. పన్నెండు పౌన్ల టర్కీ, అంటే ఐదున్నర కిలోలు, అంతకంటే పెద్దది ఆయన కొనేవారు కాదు. పెద్దదైతే లోపల వేడెక్కేలోపు చాలాసేపు గోరువెచ్చగానే ఉండిపోతుంది, అది మంచిది కాదు, రెండు కావాలంటే రెండు చిన్నవి కొనుక్కో అనేవారు. ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మారిస్తే నాలుగైదు పౌన్లకు ఒక రోజు లెక్కన కరుగుతుంది కాబట్టి ఆదివారమే మార్చాలి. బుధవారం సాయంత్రం బ్రైన్, అంటే ఉప్పు నీళ్లలో నానబెట్టడం. గాలన్ నీళ్లకు ఒక కప్పు ముతక ఉప్పు, అర కప్పు బ్రౌన్ షుగర్, మిరియాలు, నారింజ తొక్క. శుభ్రంగా కడిగిన ఐస్ చెస్ట్‌లో ఆ నీళ్లు, టర్కీ, చుట్టూ ఐస్ సంచులు, రాత్రంతా గరాజ్‌లో. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి, కొన్ని టర్కీలకు కంపెనీవాళ్లే ఉప్పు నీళ్లు ఎక్కించి అమ్ముతారు, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, అలాంటిదానికి మళ్లీ బ్రైన్ అక్కర్లేదు. లోపల మెడ ముక్క, కార్జం, కందనకాయ ఒక చిన్న సంచిలో ఉంటాయి, అవి తీసి గ్రేవీకి. మా ఆవిడ ఒక సంవత్సరం ఆ బ్రైన్‌లోకి బిర్యానీ ఆకు, దాల్చిన చెక్క, అనాస పువ్వు ఇచ్చింది. పెద్దాయన వాసన చూసి ఏమీ అనకుండా వేసేశారు, మరుసటి ఏడాది ఆయనే అడిగి తీసుకున్నారు.

గురువారం పొద్దున చిమ్నీ. డబ్బాలాంటి ఇనప గొట్టం, కింద న్యూస్‌పేపర్ ఉండలు, పైన బొగ్గు. లైటర్ ఫ్లూయిడ్ ఆయన గరాజ్‌లోనే ఉండేది కాదు, ఆ కిరసనాయిలు వాసన మాంసానికి పట్టుకుంటుందని. పావుగంట, ఇరవై నిమిషాల్లో పై బొగ్గుల మీద బూడిద రంగు వస్తుంది, అప్పుడు వాటిని కెటిల్ అడుగున రెండు పక్కలకూ పోసి, మధ్యలో ఒక అల్యూమినియం ట్రే, అందులో నీళ్లు, ఉల్లిపాయ, సెలరీ. టర్కీ సరిగ్గా ఆ ట్రే పైన ఉండాలి, కింద నిప్పు ఉండకూడదు. కారే రసమంతా ట్రేలోకి, అదే తర్వాత గ్రేవీ. స్టఫింగ్, అంటే టర్కీ కడుపులో కూరే రొట్టె ముక్కల మిశ్రమం, లోపల కుక్కేవారు కాదు, అది ఆయన భార్య, మా పెద్దమ్మ, వంటింట్లో విడిగా చేసేది. కట్టె మాత్రం ఆయన పెరట్లో పెకాన్ చెట్టుదే, రాలిన కొమ్మలు ఏడాది పాటు ఎండబెట్టి ముక్కలు చేసి పెట్టుకునేవారు. పెకాన్ టెక్సస్ రాష్ట్ర వృక్షం, 1919 నుంచి. నవంబర్‌లో ఆ కాయలు టపటపా రాలేవి, మా పిల్లలు ఏరి పెద్దమ్మకు ఇస్తే వాటితోనే ‘పెకాన్ పై’ అనే తీపి వంటకం అయ్యేది. ఒకే చెట్టు కొమ్మలతో టర్కీకి పొగ, కాయలతో ‘పై’, ఇంతకంటే మంచి ఏర్పాటు నేను ఎక్కడా చూడలేదు.

ఇక అమ్మానాన్నలు వచ్చిన సంవత్సరం. నిజానికి ఇదంతా రాయడానికి కూర్చున్నదే ఆ రోజు కోసం.

మాది కనిగిరి వైపు, అప్పట్లో ప్రకాశం జిల్లా. వానలు లేని నేల. పొలాల గట్ల మీద, చెరువు గర్భంలో, ఎక్కడ చూసినా సర్కారు తుమ్మ. మా ఊళ్లో సర్కారు కంప అంటారు. పంటలు పోయిన ఏళ్లలో ఆ కంప కొట్టి బొగ్గు కాల్చడం చాలామందికి తిండి పెట్టింది. నాన్న కూడా కొన్నాళ్లు మా చేలో బట్టీలు పెట్టించి దగ్గరుండి కాల్పించాడు. దుంగలు పేర్చి, పైన ఆకూ అలమూ కప్పి, మట్టి మెత్తి, లోపల నిప్పు వేసి, అక్కడక్కడా కన్నాలు ఉంచి, ఏ కన్నం ఎప్పుడు మూయాలో, ఎప్పుడు కొత్తది పొడవాలో చూసుకుంటూ రోజుల తరబడి కాపలా. గాలి ఎక్కువైతే కట్టె బూడిదవుతుంది, తక్కువైతే నిప్పు ఆరిపోతుంది. రాత్రిపూట మా నాన్న బట్టీ దగ్గరే నులక మంచం వేసుకుని పడుకునేవాడు.

ఆ ఏడాది వాళ్లు వచ్చాక ఒకసారి ఫోర్ట్‌వర్త్ దాటి పడమటికి కారులో వెళ్తుంటే నాన్న ఒక్కసారిగా కారు ఆపమన్నాడు. దిగి రోడ్డు పక్క ముళ్ల చెట్టు దగ్గరికి వెళ్లి, కింద పడ్డ కాయ ఒకటి తీసి విరిచి చూశాడు. "ఒరేయ్, ఇది మన సర్కారు కంపేరా, ఆకు చూడు, కాయ చూడు" అన్నాడు. అది మెస్కీట్. నేను ఆ చెట్లను అప్పటికే ఎన్నోసార్లు చూశాను, ఆ పోలిక నాకు తట్టలేదు. సర్కారు తుమ్మకు అది నిజంగానే దగ్గరి చుట్టం, మన చెట్టు విత్తనాలు కూడా 19వ శతాబ్దం చివర్లో అమెరికా ఖండం నుంచి తెప్పించి మన వైపు నాటించినవే.

థ్యాంక్స్‌గివింగ్ పొద్దున నాన్నను తీసుకుని పెద్దాయన పెరట్లోకి వెళ్లాను. అమ్మ ఐస్ చెస్ట్‌లోంచి తీసిన టర్కీని చూసి "ఇంత కోడి ఎప్పటికి ఉడుకుద్దిరా, పాపం ఆయనకి కుక్కర్ లేదా" అని, పులిహోర కలపాలంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది. నాన్న మాత్రం కదల్లేదు. చిమ్నీ చూశాడు, బొగ్గు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు, అచ్చు పోసిన ఆ ముక్క ఆయనకు నచ్చలేదు. ఇది కట్టె బొగ్గు కాదే, పొడి కొట్టి అచ్చు వేశారు అన్నాడు. నేను అది ఇంగ్లీషులో చెప్తే పెద్దాయన ముఖం వెలిగింది. అవును, హెన్రీ ఫోర్డ్ కార్లకు వాడగా మిగిలిన చెక్క పేళ్లను పారేయలేక 1920ల్లో మిషిగన్‌లో ఈ బ్రికెట్లు చేయించాడు అని మొదలుపెట్టి ఆ కథంతా చెప్పారు. నాన్న శ్రద్ధగా విని, అయితే మా ఊరి బొగ్గు గురించి కూడా ఆయనకు చెప్పు అన్నాడు. చెప్పాను. పెద్దాయన లోపలికి వెళ్లి మెస్కీట్ ముక్కల సంచి ఒకటి తెచ్చి నాన్న చేతిలో పెట్టారు. నాన్న వాసన చూసి తల ఊపాడు. దీంతో పెడదామా అని నేను అడిగితే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు, ఒకరు తెలుగులో, ఒకరు ఇంగ్లీషులో. మంట తీక్షణం, పొగ ఘాటు, గొడ్డు మాంసానికైతే సరే, కోడికి చేదెక్కుతుంది అని పెద్దాయన. పొయ్యిలో సర్కారు కట్టె పెడితే మీ నాయనమ్మ ఎప్పుడూ కళ్లు నులుముకుంటూనే వండేది, గుర్తులేదా అని నాన్న.

బొగ్గుల మీద పెకాన్ ముక్కలు వేశాక తెల్లటి దట్టమైన పొగ లేచింది. నేను టర్కీ అందుకోబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "పొగ ఇంకా తెల్లగా ఉంది. ఇప్పుడే పెట్టొద్దని చెప్పు." నేను చెప్పనక్కర్లేకపోయింది, పెద్దాయన కూడా అలాగే చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. బట్టీలో మొదట వచ్చే తెల్లపొగ పచ్చి, తడి. అది పోయి పల్చగా, లేత నీలంగా మారితే లోపల కట్టె కాలి బొగ్గయిందని గుర్తు. కెటిల్ దగ్గర కూడా చూసేది అదే నీలిపొగ, తెల్లపొగలో పెడితే మాంసానికి మసి రుచి పడుతుంది. ఇద్దరూ పొగ వైపు చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి నాన్న "ఊఁ" అన్నాడు, పెద్దాయన మూత తీశారు.

పొద్దున టీ షర్టులతో ఉన్నాం. పదకొండు దాటాక ఉత్తరం నుంచి గాలి మొదలైంది. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు నార్దర్ సంగతి తెలుసు, ఆకాశం ఒక పక్క ముదురు నీలంగా మారి, చూస్తుండగానే చలి దిగిపోతుంది. నాన్నకు స్వెటర్, మంకీ క్యాప్ తెచ్చి ఇచ్చాను, లోపలికి రమ్మంటే రానన్నాడు. గాలికి బొగ్గులు త్వరగా మండిపోతున్నాయి, మరోపక్క మూత చల్లబడి లోపలి వేడి పడిపోతోంది. ఈ రెండూ ఒకేసారి జరిగితే ఏం చేయాలో నాకు అంతుచిక్కలేదు. ఆ ఇద్దరికీ టెన్షన్ ఏమీ లేదు. గరాజ్‌లోంచి ప్లైవుడ్ షీట్ ఒకటి తెచ్చి గాలికి అడ్డంగా నిలబెట్టారు, కింది కంతలు సగానికి మూశారు, పై కంత అలాగే ఉంచారు, బొగ్గులు మామూలు కంటే ముందే రెండు పక్కలా పోశారు. మూత మాత్రం ఊరికే తీయనివ్వలేదు, తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ రావాలి కదా. నాన్న కంత మీద చెయ్యి పెట్టి వేడి చూసి వేలితో కొంచెం అని సైగ చేస్తే, పెద్దాయన అంతే కొంచెం జరిపేవారు. నా అనువాదం అవసరం ఎప్పుడు లేకుండా పోయిందో నేను గమనించలేదు. రేడియోలో మ్యాచ్ ముందు మాటలు వస్తున్నాయి, ఇద్దరూ కుర్చీలు దగ్గరగా వేసుకుని కెటిల్ వైపు కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

ఆ రోజు మ్యాచ్ మొదలైనా టర్కీ దిగలేదు. ఇంట్లోంచి ఎవరూ విసుక్కోలేదు కూడా. పెద్దాయన థర్మామీటర్ పాతది, దాని మీద కోడికి 180 అని అచ్చు వేసి ఉండేది. 2006లో ప్రభుత్వం ఆ లెక్కను 165కు తగ్గించింది, అంటే 74 సెల్సియస్. అప్పటిదాకా ఓవెన్ టర్కీలు అంతగా ఎండిపోవడానికి ఆ 180 కూడా ఒక కారణమని నా నమ్మకం. పెద్దాయన ఆ అంకెను తొడకే చూసేవారు, రొమ్ము 165 రాగానే చాలనేవారు. దించాక ఫాయిల్ కప్పి అరగంట ముట్టుకోనివ్వలేదు.

కోసినప్పుడు చర్మం కింద మాంసం లేత గులాబీ రంగులో ఉంది. అమ్మ కంగారుపడింది, పచ్చిగా ఉందేమోరా అని. పొగలోని వాయువులు మాంసంలోని రంగుతో కలిస్తే అలా వస్తుంది, ఉడికినా ఆ రంగు పోదు అని చెప్పాను. నాన్న అప్పటికే తొడ ముక్క తింటున్నాడు. చర్మం కరకరలాడుతోంది, లోపల రసం కారుతోంది, పొగ రుచి ఎక్కడా మీద పడటం లేదు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "బాగా కాల్చాడు" అన్నాడు. వండాడు అనలేదు. పెద్దాయన ఏమన్నారని అడిగితే చెప్పాను, ఆయన లేచి వచ్చి నాన్నకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. పెద్దమ్మ పులిహోర రెండోసారి వడ్డించుకుంది, గ్రేవీ పోసుకుని మరీ తిన్నది, అమ్మ దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

తర్వాత మేం ఫ్రిస్కో మారాం. కొన్నాళ్లకు వాళ్లు ఇల్లు అమ్మి శాన్ ఆంటోనియోలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు కెటిల్, ఒక సంచి పెకాన్ ముక్కలు మా ఇంటికి తెచ్చి ఇచ్చారు. ఎనామిల్ పూత అక్కడక్కడా పెచ్చు లేచింది తప్ప పొయ్యి ఇప్పటికీ గట్టిగానే ఉంది. మా వీధిలో చాలామంది చెక్కపొట్టు గుళికలతో వాటంతటవే మండే పెల్లెట్ స్మోకర్లు కొన్నారు, ఫోన్‌లో డిగ్రీలు చూసుకుంటూ లోపల సోఫాలో కూర్చోవచ్చు. మాంసం బాగానే వస్తుంది, నేను తిన్నాను. కానీ నాకు బయట నిలబడే ఆ గంటలు కావాలి. ఇప్పుడు నేను వెన్నెముక కోసి తీసేసి టర్కీని పుస్తకంలా విప్పి పరుస్తున్నాను, రొమ్ము, తొడ దాదాపు ఒకేసారి ఉడుకుతాయి, రెండు గంటల్లోపే అయిపోతుంది. ఒక్కోసారి మరీ తొందరగా అయిపోయిందే అనిపిస్తుంది. చర్మం కింద వెన్నలో అల్లం వెల్లుల్లి, కొంచెం కారం, ధనియాల పొడి కలిపి రాస్తాను. ఊళ్లో నాన్న నిద్రపోకుండా వీడియో కాల్ కోసం చూస్తుంటాడు, అక్కడ రాత్రి అయి ఉంటుంది, ఫోన్ ఎత్తగానే కుశల ప్రశ్నలేమీ ఉండవు, పొగ చూపించరా అంటాడు. తెల్లగా ఉంటే ఆగమంటాడు, ఆగుతాను.

శుక్రవారం ఎముకలతో పని. పెద్దమ్మ వాటితో సూప్ చేసేది, మేం మిరియాలు, వెల్లుల్లి దంచి వేసి చారు కాస్తాం, మిగిలిన తొడ మాంసం ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో వేయిస్తాం, ఆ చారు నీళ్లే ఎసరుగా పెట్టి పులావ్ వండితే ఇంటికి వచ్చినవాళ్లు ఏ మసాలా వేశారని అడుగుతారు, మసాలా ఏమీ ఉండదు, పెకాన్ పొగే. చేసేవాళ్లకు ఒకటే చెప్తాను, పులావ్‌లో ఉప్పు చివర్లో రుచి చూసి వేయండి, బ్రైన్ ఉప్పు అప్పటికే ఎసట్లోకి దిగి ఉంటుంది.